బుషీ పార్కులో శనివారం

"ఫస్టు ఎవరు వచ్చారండీ?" అని అడిగాను. పక్కనున్నావిడ నవ్వి, "నేను చూడలేదే" అంది. చెట్టు కింద నీళ్లు తాగుతున్న కుర్రాణ్ని అడిగాను. అతనికీ తెలియదు. వెయ్యి మందికి పైగా పరుగెత్తిన చోట, ముందు వచ్చిందెవరో ఎవరికీ పట్టలేదు. ముప్పై ఏళ్లు బళ్లో పనిచేసి, ఏటా ఆటల పోటీలప్పుడు మొదటి ముగ్గురి పేర్లూ మైకులో చదివినదాన్ని. ఆ జవాబు విన్నాక నాకు ఆ పార్కు సంగతేమిటో పూర్తిగా తెలుసుకోవాలనిపించింది.

మా అమ్మాయి లండన్‌కి పడమటి వైపున, హౌన్స్‌లోలో ఉంటుంది. హీత్రూలో దిగే విమానాలు ఇళ్ల మీదుగా బాగా కిందికి వాలి వెళ్లే చోటు. కిందటేడు ఏప్రిల్ చివర్లో విశాఖపట్నం నుంచి వెళ్లి, అయిదు నెలలు అక్కడ ఉన్నాను. మొదటి రెండు వారాలూ కిటికీ దగ్గరే గడిచిపోయాయి. పొద్దున్నే ఎదురిళ్లవాళ్లు కార్లెక్కి వెళ్తారు, సాయంత్రం దిగి తలుపులు వేసుకుంటారు. నాకు సరిగ్గా ఎదురింట్లో, కిటికీ వెనకాల, తెల్లటి దుపట్టా కప్పుకున్న ఒక పెద్దావిడ రోజూ కనిపించేది. ఆవిడా నాలాగే వీధి చూస్తూ కూర్చునేది. "ఆవిడ పేరేమిటే?" అని అమ్మాయిని అడిగితే, "తెలీదమ్మా" అంది. అప్పటికి అమ్మాయి వాళ్లు ఆ వీధికొచ్చి నాలుగేళ్లయింది.

విశాఖలో నాకు తెల్లారి బీచి రోడ్డు అలవాటు. ఆ వేళ కాసేపు అక్కడ బళ్లు ఆపేస్తారు కదా, రోడ్డంతా నడిచేవాళ్లదే. మన ఊళ్లలో వాకర్స్ క్లబ్బులు కూడా ఎన్నో. రెండు రోజులు రాకపోతే మూడో రోజు ఇంటికి ఫోనొస్తుంది. అలాంటి ఊరి నుంచి వెళ్లి కిటికీకి అతుక్కుపోయిన నన్ను చూసి, మూడో శనివారం అమ్మాయి అంది: "అమ్మా, బూట్లేసుకో. నేను వెళ్లే చోటికి నువ్వూ రా."

111 నంబరు బస్సులో హాంప్టన్ కోర్టు దాకా వెళ్లాం. ఒకవైపు ఎనిమిదో హెన్రీ నివసించిన కోట, రోడ్డుకి ఇవతల బుషీ పార్కు గేటు. లోపల అడుగుపెట్టగానే ఇరుపక్కలా వరసలు వరసలుగా చెస్ట్‌నట్ చెట్లు. సెయింట్ పాల్స్ కెథెడ్రల్ కట్టిన క్రిస్టఫర్ రెన్, రాజుగారి కోటకి దర్జాగా దారి ఉండాలని గీసిన మైలు పొడవు బాట అది. మే నెల కావడంతో చెట్లు పూత మీదున్నాయి. ఒక్కో గుత్తీ వెలిగించిన దీపపు సెమ్మెలా నిటారుగా నిలబడి ఉంది. దారి మధ్యలో పెద్ద కొలను, నడుమ డయానా ఫౌంటెన్. దూరంగా గడ్డిలో జింకలు. ఆ పార్కులో సుమారు 320 జింకలు ఉన్నాయట. మనుషుల్ని చూసి బెదరవు గానీ, మనమే వాటికి దూరంగా ఉండాలి.

జనం ఒకరి వెనక ఒకరు వస్తూనే ఉన్నారు. పిల్లల బండి తోసుకుంటూ ఒక తండ్రి, కర్ర పట్టుకున్న తాతగారు, హిజాబ్ కట్టుకున్న ఇద్దరు అమ్మాయిలు, బడి పిల్లలు, తాడు కట్టిన కుక్కలతో కొందరు. కొందరి చొక్కాల మీద అంకెలున్నాయి. ఎరుపు వేసుకున్నవాళ్లు యాభై సార్లు వచ్చినవాళ్లు, నలుపు వంద సార్లు, ఆకుపచ్చ రెండువందల యాభై. నీలం చొక్కా అయితే అయిదు వందల సార్లు. వారానికొక్కసారి జరిగే దానికి అయిదు వందల సార్లంటే దాదాపు పదేళ్ల మాట.

దీన్ని పార్క్‌రన్ అంటారు. శనివారం పొద్దున్న తొమ్మిదింటికి, అయిదు కిలోమీటర్లు. రుసుము లేదు. ఒక్కసారి పేరు నమోదు చేసుకుంటే మనకో బార్‌కోడ్ ఇస్తారు, జీవితాంతం అదే. పరుగెత్తవచ్చు, నడవవచ్చు, మధ్యలో ఆగి జింకల్ని చూడవచ్చు.

తొమ్మిదికి ముందు ఆ రోజు బాధ్యత తీసుకున్నాయన ఒక మెట్టు మీద నిలబడి నాలుగు మాటలు చెప్పాడు. జింకల్ని ఇబ్బంది పెట్టొద్దు, దారి పక్కన నడిచేవాళ్లకి అడ్డం రావొద్దు, సాయానికి నిలబడ్డవాళ్లకి కృతజ్ఞత చెప్పండి. తర్వాత, "దూరం నుంచి వచ్చినవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగాడు. అమ్మాయి నా చెయ్యి పైకెత్తేసింది. "ఇండియా, విశాఖపట్నం" అన్నాను. అంతమందీ చప్పట్లు కొట్టారు. ఆ పేరు వాళ్లలో ఎందరు విన్నారో గానీ, ఆ దేశం వెళ్లాక నా ఊరి పేరు నేను గట్టిగా పలికింది అదే మొదటిసారి.

అమ్మాయి పరుగెత్తేవాళ్లలో కలిసిపోయింది. నాకు మోకాళ్ల నొప్పి. అందరికంటే వెనక నడుస్తుంటే, నారింజ రంగు జాకెట్టు వేసుకున్నావిడ నా పక్కన చేరింది. విశ్రాంత నర్సు. ఆమెకి ఆ రోజు అప్పగించిన పని అందరికంటే చివర నడవడం. దాన్ని టెయిల్ వాకర్ అంటారు. ప్రతి పార్క్‌రన్‌లోనూ ఒకరు తప్పకుండా ఉంటారు. మనం ఎంత నెమ్మదిగా నడిచినా వాళ్లు మన వెనకే ఉంటారు కాబట్టి, ఆఖరున వచ్చామన్న మాట మన మీదికి రాదు. "మీరు నాకోసం తొందరపడకండి" అన్నాను మొహమాటంగా. "నేనొచ్చిందే మీకోసం" అంది ఆవిడ.

గడ్డి మీద, కంకర దారుల మీద ఆ అయిదు కిలోమీటర్లూ నడవడానికి మాకు గంట దాటింది. మొత్తం చదునైన నేల. మలుపు మలుపునా ఒకరు జాకెట్టు వేసుకుని నిలబడి, "బాగా నడుస్తున్నారు" అంటూ చప్పట్లు కొట్టారు. మా ముందువాళ్లు వెళ్లి ఎంతసేపయినా వాళ్లు కదల్లేదు. నడుస్తూ నడుస్తూ ఆవిడే నాకు ఈ పరుగు పుట్టిన కథ చెప్పింది.

2004లో పాల్ సింటన్-హెవిట్ అనే ఆయనకి ఒకేసారి రెండు దెబ్బలు తగిలాయి. ఉద్యోగం పోయింది. కాలికి గాయమై, పరుగు ఆగిపోయింది. నేటి జింబాబ్వేలో పుట్టి దక్షిణాఫ్రికాలో పెరిగిన మనిషి. పరుగు క్లబ్బు స్నేహితులే ఆయనకి దగ్గరివాళ్లు. పరుగు లేకపోతే వాళ్లని కలిసే వీలేదీ? దక్షిణాఫ్రికాలో క్లబ్బులు వారం వారం గడియారం పెట్టి ఉచితంగా పరుగులు జరపడం ఆయనకి తెలుసు. తాను పరుగెత్తలేకపోయినా గడియారం పట్టుకుని నిలబడగలను కదా అనుకున్నాడు. అక్టోబరు 2న ఈ పార్కులోనే మొదలుపెట్టాడు. వచ్చినవాళ్లు పదమూడు మంది, సాయానికి అయిదుగురు. గమ్యం చేరినవాళ్ల వరస మర్చిపోకుండా ఉండటానికి, హార్డ్‌వేర్ కొట్లో దొరికే వాషర్ల మీద అంకెలు కొట్టి చేతికిచ్చేవారు. పరుగయ్యాక అందరూ కాఫీకి వెళ్లేవారు. ఆ కాఫీ కోసమే ఇదంతా అని ఆవిడ అంది.

రెండేళ్లకి పైగా ఆ పరుగు ఈ ఒక్క పార్కులోనే నడిచింది. 2007 జనవరిలో వింబుల్డన్ కామన్‌లో రెండోది మొదలైంది. ఇప్పుడు ఇరవైకి పైగా దేశాల్లో, రెండు వేలకు పైగా చోట్ల జరుగుతోంది. చిన్నపిల్లలకి ఆదివారం రెండు కిలోమీటర్ల పరుగు వేరే ఉంది. 2017లో కంబ్రియాలోని హేవరిగ్ జైల్లో ఖైదీలకీ సిబ్బందికీ కలిపి మొదలుపెట్టారు. 2018 నుంచి బ్రిటన్‌లోని కుటుంబ వైద్యుల సంఘం కూడా చేతులు కలిపింది. వెయ్యికి పైగా క్లినిక్కులు తమ రోగులకు మందులతో పాటు దగ్గరి పార్క్‌రన్‌కీ దారి చూపిస్తున్నాయి. "నేను ఆస్పత్రిలో నలభై ఏళ్లు పనిచేశాను. ఒంటరితనానికి మా దగ్గర మాత్ర ఉండేది కాదు" అంది ఆ నర్సమ్మ. ఆమె భర్త పోయిన ఏడాది ఒక డాక్టరు చెబితేనే ఈ పార్కుకి వచ్చిందట. వచ్చిన మొదటి రోజు ఎవరితోనూ మాట్లాడలేదు. రెండో వారం ఒకాయన, "కిందటి వారం ఇదే చెట్టు కింద నిలబడ్డారు కదూ" అన్నాడు. తనని ఒకరు గుర్తు పెట్టుకున్నారన్న సంగతి ఆమెని మూడో వారమూ రప్పించింది.

గమ్యం దగ్గర ఒక అబ్బాయి నా చేతిలో చిన్న ప్లాస్టిక్ టోకెన్ పెట్టాడు. వాషర్ పోయి ఇది వచ్చిందన్నమాట. మరో అమ్మాయి దాన్నీ నా బార్‌కోడ్‌నీ ఫోనుతో చదివింది. మా అమ్మాయి ఎప్పుడో ముగించి, తన స్నేహితులందరినీ వెంటబెట్టుకుని అక్కడే నిలబడి ఉంది. నాకు చప్పట్లు కొట్టడానికి.

చెట్ల తోపు పక్కనున్న ఫెజంట్రీ కేఫ్‌లో అమ్మాయి వాళ్ల బల్ల చుట్టూ తొమ్మిదిమందిమి కూర్చున్నాం. ఒకతను విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించే పని చేస్తాడు. ఒకావిడ న్యాయవాది. ఒకాయన పోలండ్ నుంచి వచ్చిన వడ్రంగి. మన తెలుగబ్బాయి ఒకడు కలిశాడు. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు కేబీఆర్ పార్కు దగ్గర, నెక్లెస్ రోడ్డు మీద రన్నర్స్ క్లబ్బు వాళ్లతో పరుగెత్తేవాడట. "ఇక్కడికొచ్చిన కొత్తలో మాటలు రాలేదాంటీ, భాష వచ్చినా" అన్నాడు. "ఆఫీసులో పని మాటలు, ఇంట్లో ఫోను మాటలు. ఇక్కడైతే ముందు కలిసి చెమట పడుతుంది, తర్వాత మాట దానంతటదే వస్తుంది." ఆ బల్ల దగ్గర ఎవరి జీతం ఎంతో, ఎవరి ఇల్లు ఎక్కడో ప్రస్తావన రాలేదు. వడ్రంగి మోకాలు ఎలా ఉంది, న్యాయవాది వాళ్లబ్బాయి పరీక్ష ఏమైంది, ఇవే మాటలు. మా బీచి రోడ్డు అరుగు గుర్తొచ్చింది నాకు.

ఆ పార్కుకి ఆనుకునే జాతీయ భౌతిక ప్రయోగశాల ఉంది. టెడింగ్టన్ వెళ్లే దారిలో అమ్మాయి చూపించింది. 1955లో లూయీ ఎసెన్ సీజియం అణు గడియారాన్ని నిర్మించింది అక్కడే. సెకనుకి ఇప్పుడు ప్రపంచం వాడే కొలత ఆ మార్గంలోనే వచ్చింది. అంతకు పదేళ్ల ముందు, యుద్ధం ముగిశాక, అలన్ ట్యూరింగ్ కంప్యూటరు రూపకల్పనకి చేరిందీ అక్కడే. హాంప్టన్‌లో అద్దెకుంటూ పరుగులు తీసేవాడట. వాల్టన్ క్లబ్బులో చేరి, 1947లో మారథాన్‌ని 2 గంటల 46 నిమిషాల్లో పూర్తి చేశాడు. మనుషుల్లో అంతగా కలవలేని మేధావిగా ఆయన గురించి చదివాను నేను. ఆయనకీ వారాంతాల్లో పక్కన పరుగెత్తే క్లబ్బు మిత్రులు ఉన్నారని తెలిసి మనసుకి హాయిగా అనిపించింది. సెకనులో కోట్లవంతు కొలిచే ఊళ్లో, గంట దాటి నడిచిన నాకోసం మలుపుల్లో మనుషులు ఓపికగా ఆగారు. గడియారం ఎంత కచ్చితమైనదైనా, ఒకరికోసం ఎంతసేపు ఆగాలన్నది మనిషే తేల్చుకోవాలి.

తర్వాతి వారం నేనూ జాకెట్టు వేసుకున్నాను. మోకాళ్లు ప్రతి వారం సహకరించవు, కానీ నిలబడి చప్పట్లు కొట్టగలను. నాకొక మలుపు అప్పగించారు. బాణం గుర్తున్న బోర్డు పక్కన నిలబడి, వచ్చేవాళ్లకి దారి చూపడం నా పని. ముందు గాలిలా దూసుకుపోయేవాళ్లు వచ్చారు. అంత వేగంలోనూ, ఆయాసపడుతూనే, "థాంక్యూ మార్షల్" అంటూ వెళ్లారు. వెయ్యి మందిలో వందలమంది ఆ మాట అన్నారు. పదవీ విరమణ చేశాక ఇన్ని కృతజ్ఞతలు ఒక్క పూట నేను అందుకోలేదు. రెండో వారం వాన. గొడుగు పట్టుకుని నిలబడ్డాను, ఎవరూ మానలేదు. అప్పుడే నాకు ఈ ఏర్పాటు లోగుట్టు అర్థమైంది. పరుగెత్తగలిగినవాళ్లు ఎక్కడైనా పరుగెత్తుతారు. పరుగెత్తలేనివాళ్లకి కూడా అక్కడ ఒక చోటు, ఒక పని, ఒక జాకెట్టు సిద్ధంగా ఉంటాయి. మొదలుపెట్టినవాడే ఆ రోజు పరుగెత్తలేని మనిషి కదా. కోవిడ్ కాలంలో, 2020 మార్చిలో ఆగిపోయిన ఈ పరుగు ఇంగ్లండ్‌లో మళ్లీ 2021 జులై 24న మొదలైంది. ఆ పదహారు నెలలూ తమకు శనివారం శనివారంలా లేదని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఒక శనివారం కాఫీ తాగాక, అమ్మాయీ నేనూ పార్కుకి అడ్డంగా హాంప్టన్ విక్ వైపు నడిచాం. ఆ బాట పేరు కాబ్లర్స్ వాక్. చెప్పులు కుట్టేవాడి బాట. పద్దెనిమిదో శతాబ్దంలో ఈ పార్కుకి అధికారిగా ఉన్న హాలిఫాక్స్ ప్రభువు, సామాన్యులు నడిచే దారిని మూయించేశాడు. కింగ్‌స్టన్ సంతకి పోయేవాళ్లు చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చేది. హాంప్టన్ విక్‌లో తిమోతీ బెనెట్ అనే చెప్పులు కుట్టే వృద్ధుడు రోజూ కొట్లో కూర్చుని వాళ్ల అవస్థ చూసేవాడు. డెబ్బై దాటిన వయసు. దాచుకున్న డబ్బు ఖర్చుపెట్టడానికి సిద్ధపడి లాయరు దగ్గరికి వెళ్లాడు, ప్రభువుకే నోటీసు ఇచ్చాడు. చివరికి దారి తెరుచుకుంది. తాను వచ్చినప్పటికంటే లోకాన్ని అధ్వాన్నంగా వదిలి వెళ్లడం ఇష్టం లేదని ఆయన అన్నాడట. ఆ గేటు దగ్గర ఆయన పేరిట స్మారక శిల నిలిపారు. నేను చెప్పులు విడిచి దాని ముందు నిలబడ్డాను. చెప్పులు కుట్టిన మనిషికి అదే నా దండం.

దారి ఎవరిదన్న గొడవ ఆనాటితో పోలేదు. 2016లో బ్రిస్టల్ దగ్గర స్టోక్ గిఫర్డ్ పారిష్ కౌన్సిల్, తమ పార్కులో జరిగే పార్క్‌రన్‌కి రుసుము కట్టాలని తీర్మానించింది. దారుల మరమ్మతుకి డబ్బు కావాలన్నది వాళ్ల వాదన. మనిషికి ఒక పౌను మాటొచ్చింది. అక్కడి లెక్కలో అదెంత? ఒక టీ కూడా రాదు. అయినా నిర్వాహకులు ఒప్పుకోలేదు, అక్కడ పరుగు ఆగిపోయింది. మొదట ఇది పట్టుదల అనుకున్నాను. కానీ ఆ పౌను ఇంట్లో నలుగురు పిల్లలున్న తల్లికి, తనతో కలిపి, అయిదు పౌన్లు. ప్రతి వారం అది అడగాల్సి వస్తే, ఆమె ఒక వారం మానేస్తుంది, ఆపైన పూర్తిగా మానేస్తుంది. ఉచితం అన్న మాట పోతే అందరూ అన్న మాటా పోతుంది. ఈ సంగతి ఆ చెప్పుల పెద్దాయన కొట్లో కూర్చునే గ్రహించాడు.

కాబ్లర్స్ వాక్ చూసిన ఆ శనివారం ఇంటికొచ్చాక నేను వీధి దాటి వెళ్లి, ఎదురింటి తలుపు తట్టాను. దుపట్టా పెద్దావిడే తీసింది. జలంధర్ దగ్గరి పల్లె వాళ్లది. ఆవిడకి పంజాబీ, నాకు తెలుగు, మధ్యలో మా ఇద్దరిదీ వచ్చీరాని హిందీ. నేను రోజూ కిటికీలో కూర్చోవడం ఆవిడా చూసిందట. "మీరు శనివారం పొద్దున్న కనబడరేం?" అని ఆవిడే ముందు అడిగింది. ఎక్కడికి వెళ్తానో చెప్పాను. రమ్మన్నాను. కోడలు ఒప్పుకోవాలంది, కాళ్లు ఒప్పుకోవాలంది. మూడు వారాలు ఇలాగే గడిచాయి. మధ్యలో నేను పులిహోర ఇచ్చి వచ్చాను, ఆవిడ గిన్నె నిండా రాజ్మా పంపింది.

సెప్టెంబరులో నాకది ఆఖరి శనివారం. నా మలుపులో నేను నిలబడి ఉన్నాను. చెస్ట్‌నట్ ఆకుల అంచులు అప్పటికే గోధుమ రంగుకి తిరిగాయి. పరుగెత్తేవాళ్లు వెళ్లిపోయారు, నడిచేవాళ్లూ వెళ్లిపోయారు. దారి ఖాళీ అయింది. అవతల మలుపులో నిలబడ్డ వడ్రంగి నావైపు చెయ్యి ఊపాడు, ఇంకా ఉన్నారని. పది నిమిషాలు ఆగాను.

అప్పుడు చెట్ల మధ్య నుంచి తెల్లటి దుపట్టా కనిపించింది. సల్వార్ కమీజ్ మీద స్వెట్టరు, కాళ్లకి కోడలి బూట్లు. పక్కన నారింజ రంగు జాకెట్టులో మా అమ్మాయి. ఎప్పుడూ అరగంట లోపు ముగించే పిల్ల, ఆ రోజు చివర నడిచే పని అడిగి తీసుకుంది. పెద్దావిడ అడుక్కోసారి ఆగి ఏదో చెబుతోంది. అమ్మాయి ఆగి వింటోంది. వీధికి అటూ ఇటూ నాలుగేళ్లు ఉన్నవాళ్లు.

దగ్గరికి రాగానే చప్పట్లు కొట్టాను. పెద్దావిడ నన్ను చూసి, మిగతా అందరి దగ్గరా నేర్చుకున్నట్టుంది, "థాంక్యూ మార్షల్" అంది. నేను బాణం బోర్డు పీకి చంకలో పెట్టుకుని, వాళ్ల వెనకే నడిచాను.